తడి ఇసుకలో రెండు సున్నాలు

నా చిన్నప్పుడు మా వన్ టౌన్ సందులో ఆడపిల్లలందరికీ ఒప్పులకుప్ప ఆటంటే పిచ్చి. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, చేతులు గట్టిగా పట్టుకుని, వెనక్కి వాలి గిరగిరా తిరగడమే ఆట. ఈడు కుదరక చిన్నపిల్ల ఎవరైనా పెద్దదానితో తిరగాల్సి వస్తే, ఆ పెద్దదాన్ని గుంజ అనేవాళ్ళం. గుంజ కదలదు, చిన్నదే దాని చుట్టూ తిరుగుతుందని మా నమ్మకం. దీన్ని ఎవరూ పరీక్షించి చూసిన పాపాన పోలేదు. తల దిమ్మెక్కిపోతుంటే ఎవరి పాదాలు ఎటు పోతున్నాయో చూసే ఓపిక ఎవరికి ఉంటుంది?

మా ఇంట్లో గుంజ మా నాన్న. పోర్టులో క్రేన్ నడిపేవాడు. భారీ మనిషి, మాట పొదుపు. నాకు తొమ్మిదేళ్ళు వచ్చిన ఏడు వానాకాలంలో మా అమ్మ జ్వరంతో పోయింది. అమ్మను తీసుకువెళ్ళిన రోజు కూడా నాన్న కంట తడి పెట్టలేదు. పెద్దకర్మ అయిన మర్నాడే డ్యూటీకి వెళ్ళిపోయాడు. చుట్టాలు ఆ నిబ్బరాన్ని మెచ్చుకుంటుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. అమ్మ పోయినా ఈయనకు ఏమీ కాలేదని తేల్చేసుకున్నాను. ఆ వయసులో నా తీర్పులన్నీ అలాగే ఉండేవి.

ఒక శనివారం మధ్యాహ్నం నాన్న నా గౌన్లు ట్రంకు పెట్టెలో సర్దడం మొదలుపెట్టాడు. సోమవారం నన్ను బొబ్బిలి దగ్గర పల్లెలో పెద్దమ్మ ఇంట్లో దింపేస్తానన్నాడు. తనవి షిఫ్టు డ్యూటీలు, ఇంట్లో ఆడదిక్కు లేదు, ఇక అక్కడే ఉండి చదువుకోమన్నాడు. గౌన్లు మడతపెడుతూనే చెప్పాడు, నా వైపు చూడను కూడా లేదు. అమ్మ పోయి మూడు నెలలు కాలేదు, ఇప్పుడు నాన్న కూడా ఉండడు. ఏడుద్దామన్నా ఏడుపు రాలేదు.

మర్నాడు ఆదివారం, ఎప్పటిలాగే చేపలకని జాలరిపేట సముద్రపు ఒడ్డుకు వెళ్ళాం. పక్కింటి అక్క కూడా వచ్చింది. వాళ్ళది ముస్లిం కుటుంబం. వాళ్ళ నాన్నకు సందు మొదట్లో టైలర్ షాపు ఉండేది. అక్క యూనివర్సిటీలో ఫిజిక్స్ ఎమ్మెస్సీ చదువుతోంది, ఎప్పుడూ నక్షత్రాల గోలే. నాన్న చేపలు బేరం చేస్తుంటే అక్క నన్ను పక్కకు లాగి, మొహం అలా ఉందేమని అడిగింది. అంతా చెప్పేశాను. నేనున్నా పోయినా ఆయనకు ఒకటే, ఆయన ఉత్త గుంజ అన్నాను.

అక్క నన్ను ఓదార్చలేదు. నేరుగా వెళ్ళి, నాతో ఒక్కసారి ఒప్పులకుప్ప తిరగమని నాన్నను అడిగింది. చేపలమ్మే ఆడవాళ్ళు పకపకా నవ్వారు. ఆయన కాదంటాడనే అనుకున్నాను. వెళ్ళిపోయే పిల్ల ముచ్చట ఎందుకు కాదనాలనుకున్నాడో ఏమో, తువ్వాలు నడుముకు చుట్టి చేతులు చాచాడు. అల వెనక్కి పోయిన చోట, నున్నటి తడి ఇసుక మీద ఇద్దరం తిరిగాం. నాకు ఆకాశం, సముద్రం కలగాపులగమైపోయాయి. ఆగాక అక్క మమ్మల్ని జాగ్రత్తగా ఇవతలకు రమ్మని, కిందికి చూడమంది.

నా పాదాలు తొక్కిన పెద్ద సున్నా ఉంది. దాని లోపల, లోతుగా దిగబడిన పాదాలతో చాటంత సున్నా ఇంకొకటి ఉంది. నేను నిర్ఘాంతపోయాను. లోపలివి నాన్న పాదాలు. నాకంటే ఎక్కువగా ఆయనే బిత్తరపోయాడు.

“నాను కదల్నేదు కదా. ఉన్నకాడే ఉన్నాను.”

“అలా అనిపిస్తాది బాబాయ్. బరువున్నోళ్ళు తక్కువ తిరుగుతారు, అంతే. కదలకుండా ఎవులూ ఉండరు.”

ఆకాశంలో జంట నక్షత్రాలుంటాయని అక్క చెప్పింది. చిన్నది పెద్దదాని చుట్టూ తిరుగుతుందని మనం అనుకుంటాం గానీ, రెండూ మధ్యలో ఉన్న ఒక చోటు చుట్టూ తిరుగుతాయట. ఆ చోటు బరువైన దానికి దగ్గరగా ఉంటుంది, కానీ అక్కడ ఏమీ ఉండదు. లోపలి సున్నా నట్టనడుమ వేలు పెట్టి చూపించింది. అక్కడ ఎవరి పాదమూ పడలేదు. కొన్ని జంటల్లో ఒకటే మనకు కనిపిస్తుందట. అది ఒంటరిదనే అనుకుంటారు. ఏళ్ళ తరబడి చూస్తే అది కొద్దికొద్దిగా అటూ ఇటూ ఊగుతుంటుందట. ఆ ఊగడం చూసే, పక్కన ఇంకొకటి ఉందని తెలుసుకుంటారట.

నాన్న ఆ ఖాళీ చోటు మీదికి వంగాడు.

“కనబడకపోయినా లాగుతాదా, అమ్మా?”

“లాగుతాది బాబాయ్. దాని లాగుడే మనకి కనబడతాది.”

నాన్న ఆ తడి ఇసుకలోనే కూలబడ్డాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని, పెద్ద గొంతుతో ఏడ్చాడు. అంత మనిషి ఏడవడం నేను ఎన్నడూ చూడలేదు, ఏడవగలడని కూడా నాకు తెలియదు. నాకు చచ్చేంత భయం వేసింది. దగ్గరికి పోవాలో వద్దో తెలియక నిలబడి ఉంటే, ఆయనే నా గౌను అంచు పట్టుకుని దగ్గరికి లాక్కున్నాడు.

“నువ్వు కూడా ఎల్లిపోతే నానేటైపోతానే.”

సాయంత్రం ట్రంకు పెట్టె ఖాళీ చేశాం. నాన్న షిఫ్టుకు వెళ్ళిన రోజుల్లో అక్క వాళ్ళింట్లో తిని, అక్కడే పడుకునేదాన్ని. పెళ్ళయ్యేదాకా ఆ సందు విడిచి ఇంకెక్కడా ఉండలేదు.

ఆనాటి అదురుపాటు నాలో ఇప్పటికీ తగ్గలేదు. చావు జరిగిన ఇంటికి వెళ్తే, ఏడ్చేవాళ్ళ చుట్టూ మనుషులు చాలామందే ఉంటారు. నేను ఏడవని మనిషి ఎక్కడున్నాడో వెతుక్కుని, పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుంటాను.