బొట్టు పెట్టిన బోర్డు

నారాయణగూడలో మాకు చిన్న బేకరీ ఉంది. మా ఓవెన్‌కు మూడు ఫేజుల కరెంటును కావలసినంతే వదిలే ట్రిగ్గర్ బోర్డు పాడైతే, దసరాకు ముందే రాంనగర్ మెకానిక్ యాదగిరి కొత్తది బిగించాడు. పండగ సెలవులయ్యాక ఓవెన్ వేస్తే బిస్కెట్లు ఒకవైపు మాడాయి, ఇంకోవైపు పచ్చిపిండి.

నాకు ఒళ్ళు మండింది. యాదగిరికి ఫోన్ చేసి, అతను వచ్చేలోపే పక్క దుకాణాలు మూడింటికీ వెళ్ళి, యాదగిరి మోసగాడు, పని ఇవ్వొద్దని చెప్పి వచ్చాను. మా గల్లీ పనే అతనికి ఆధారం. అయినా సరే అనుకున్నాను.

"పాత బోర్డు తుడిచి అంటగట్టినవా?" అని అందరి ముందూ నిలదీశాను.

"జర తెరిచి చూడనియ్యక్కా," అంటూ అతను మెయిన్ ఆపి ప్యానెల్ తలుపు తీశాడు.

గుప్పున కంపు కొట్టింది. బోర్డు మీద పసుపు ముద్ద, కుంకుమ, కుళ్ళిన అరటిపండు ముక్క, దానికంటుకుని మాడి చచ్చిన చీమల బారు.

"గీడ పూజ ఎవరు చేసిన్రక్కా? గీ తడికే బోర్డు ఖరాబైంది."

నేనే. ఆయుధపూజ రోజు, "అసలు పని చేసేది లోపలుంటే తలుపుకు బొట్టేంది?" అని మా ఆయనతో వాదించి మరీ లోపల పెట్టాను. బీఎస్సీ ఫిజిక్స్ చదివిన బుద్ధి! ఆ చీమలకంటే నా నోటిమీదే ఎక్కువ రోత పుట్టింది.

మళ్ళీ ఆ మూడు దుకాణాలకూ వెళ్ళి బోర్డు మీదే పూజ చేసిన తప్పు నాదేనని చెప్పాను. రెండుచోట్ల పగలబడి నవ్వారు. మూడోది మిఠాయి దుకాణం. దాని యజమాని శేఖర్ గారు మాత్రం నవ్వలేదు. గబగబా లోపలికెళ్ళి మెయిన్ ఆపి, తన ప్యానెల్ తలుపు తీశారు.

"ఆ యాదగిరి నంబర్ జర ఇయ్యమ్మా," అన్నారు, ముక్కు మూసుకున్న గొంతుతో.