చాయిస్‌లో వదిలేసిన పాఠం

ఉప్పల్ మీదుగా నాచారం ఎందుకు వెళ్లానో ముందు చెప్పాలి. ఇంటర్ పిల్లలకు ఇరవై ఏళ్లు ఫిజిక్స్ చెప్పాను. క్వాంటం సంగతులున్న చివరి పాఠాలు రాగానే, మార్కులు తక్కువ, చాయిస్‌లో వదిలేయండి అనేవాణ్ని. నాకు అన్నింటికంటే ఇష్టమైనవి అవే. ఆ పాఠం ఒక్కసారైనా నిండుగా చెప్పాలన్న కోరిక రిటైరయ్యాక మరీ ఎక్కువైంది. నాచారంలో ఒక కంపెనీ అకౌంట్స్‌లో పనిచేసే నా పాత విద్యార్థిని స్వప్న, ఆదివారాలు అక్కడి కాలనీ పిల్లలకు ఉచితంగా ట్యూషన్ చెబుతుంది. ఫోన్ చేసి ఒక గంట అడిగాను. రమ్మంది.

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు అమీర్‌పేటలో మెట్రో ఎక్కాను. ఉప్పల్‌లో స్కైవాక్ దిగి, ఇడ్లీ తిని, నాచారం షేర్ ఆటోలో కూర్చున్నాను. పక్కన భార్యాభర్తలు. ఆయన నడుముకు ఎంఆర్ఐ తీయించడానికి పోతున్నారట.

"కరెంట్ షాక్ గిట్ల కొడ్తదా సారూ?" అని ఆమె అడిగింది.

"కొడ్తే కొట్టనియ్. నీ నోటికన్నా నయమే" అన్నాడాయన.

షాక్ ఏమీ ఉండదన్నాను. ఒంట్లోని నీళ్లలో ఉండే హైడ్రోజన్ కేంద్రకాలు పెద్ద అయస్కాంతం మధ్య ఒక వరసకు వస్తాయని, రేడియో తరంగంతో కదిలిస్తే అవి తిరిగి ఇచ్చే సంకేతమే బొమ్మవుతుందని చెప్పాను. ఆమెకు ఎంత అర్థమైందో గానీ, అప్పటిదాకా పట్టుకున్న భర్త చెయ్యి వదిలి కొంగు సర్దుకుంది.

కమ్యూనిటీ హాల్లో పదిమంది దాకా పిల్లలున్నారు. వెలుతురు విడివిడి పొట్లాలుగా వస్తుందన్న దగ్గర మొదలుపెట్టి ఎల్ఈడీ బల్బు, సోలార్ పలక, ఫోన్‌లోని చిప్ దాకా వెళ్లాను. గంట దాటినా ఎవరూ లేవలేదు. స్వప్న వెనక బెంచీలో కూర్చుని రాసుకుంటూనే ఉంది.

పిల్లలు వెళ్లాక చాయ్ ఇచ్చింది. వెలుతురు పడితే లోహం నుంచి ఎలక్ట్రాన్లు ఎందుకు బయటికొస్తాయని ఒకప్పుడు క్లాసయ్యాక నన్ను అడిగిందట. రెండు మార్కుల ప్రశ్న, వదిలెయ్యి అన్నానట. నాకు గుర్తులేదు.

"గిట్ల అప్పుడే చెప్పుంటే నేను ఫిజిక్స్ ఇడిసిపెట్టకపోతుంటి సార్" అంది. కోపంగా అనలేదు.

తిరుగు మెట్రోలో సీటు దొరికింది. ఎదురుగా వరసగా ముఖాలు, అన్నింటిమీదా ఫోన్ల వెలుతురు. ఇది ఎక్కడి నుంచి వస్తోందని ఒక్కరైనా నన్ను అడిగితే బాగుండుననుకుంటూ కూర్చున్నాను. అమీర్‌పేట దాటిపోయింది.