తలకు అద్దిన పాత పేపరు

తల మాసిందంటే కుంకుడుకాయలు కొట్టుకోవాలి, నీళ్ళు కాచుకోవాలి, అంతే. మూడో దారి ఒకటుందని ఎవరూ అనుకోని రోజులవి. ఇప్పుడు మా మనవరాలు పొడుగాటి డబ్బా ఒకటి పట్టుకొచ్చి, "అమ్మమ్మా, రేపు ఇంటర్వ్యూ ఉన్నది. గిది కొట్టుకుంటె నీళ్ళు అక్కర్లే, తల పోసుకున్నట్టే ఉంటది" అంటుంది. డ్రై షాంపూ అట. నాలుగు రకాలు మూచూసి, మంచి వాసనది ఏరి తెచ్చిందట. వాసన చూసి ఎంచే వస్తువా అది? (నాలుగో తరగతితో బడి మానేసినదాన్ని, డబ్బా మీది రాతలు నాకు తెలియవు. అయినా ఈ ఒక్క విషయంలో నాకున్న అనుభవం ఆ డబ్బా చేసినవాడికి కూడా ఉండదు.) నీళ్ళు లేకుండా తల బాగుచేసుకునే విద్య నేను పద్దెనిమిదేళ్ళకే నెత్తిన పెట్టుకున్నాను.

అప్పుడు పంజాగుట్టలో ఒక చీరల దుకాణంలో చీరలు మడతపెట్టే పనిలో ఉండేదాన్ని. ఆడపిల్ల దుకాణంలో నిలబడడం మా నాయనకు ఇష్టం లేదు. "ఈ నెలల పర్మనెంట్ అయితె సరి, లేకుంటె ఇంట్ల కూసో" అని తేల్చేశాడు. ఆయన ఒకసారి అన్నాడంటే అంతే (ఆ గుణం నాకు ఆయన దగ్గర్నుంచే వచ్చిందని మా ఇంట్లో అంటారు). నెల చివరికొచ్చింది. ఒక పొద్దున, మా దుకాణంలోనే బిల్లులు రాసే పక్కింటి అక్క ఉరికొచ్చింది. "పట్టు కౌంటర్ పిల్ల మానేసిందే! పది గంటలకు నిన్ను నిలబెట్టి చూస్తరంట. జల్దీ తయారుగా!" అంది. సంతోషపడాలా, ఏడవాలా? ముందురోజే మా అమ్మ, ఎండలు ముదిరాయని, గిన్నెడు ఆముదం నా నెత్తిన మర్దన చేసి పెట్టింది. పట్టు కౌంటర్‌లో నూనె తల పనికిరాదు. చీర భుజాన వేసి చూపించేటప్పుడు జడ తగిలి మరక పడితే ఆ చీర ఇక ఎవరికీ పనికిరాదు. అందుకే సేటు భార్య, మేమంతా సేఠానమ్మ అనేవాళ్ళం, ఆ కౌంటర్ పిల్లల తలలకు రోజూ పాత పేపరు ముక్క అద్ది, ట్యూబ్‌లైటుకు పెట్టి చూసేది. మచ్చ కనబడిందా, ఆ పిల్ల అటునుంచి అటే ఇంటికి.

అమీర్‌పేటలో మా గల్లీకి నల్లా దినం విడిచి దినం వచ్చేది. ఆ రోజు రాని రోజు. తాగడానికి బిందెడు నీళ్ళున్నాయి, వాటిని ముట్టుకుంటే అమ్మ ఊరుకోదు. తలుపు గడియ పెట్టుకుని వంటింట్లో డబ్బాలన్నీ దించాను. సేఠానమ్మ పరీక్ష నేనే పెట్టుకుందామని ఒక పేపరు చింపుకుని, జడ చివరన ఒక్కొక్కటీ రుద్ది అద్ది చూశాను. ముఖానికి రాసే పౌడరు నూనె పీల్చలేదు, పైగా బూజు పట్టినట్టు తేలింది. శనగపిండి పీల్చింది కానీ, దగ్గరికొస్తే బజ్జీల బండి వాసన. ఇక మూలన ఉన్న జొన్నపిండి డబ్బా. గోడలకు కాగితాలు అతికించడానికి, మా గల్లీలో పిండిమర నడిపే గిర్నీ భాయ్ ఊరికే ఇచ్చిన పిండి అది. ఎందుకు ఊరికే ఇచ్చాడని నేను అడగలేదు (ఊరికే వచ్చినదాన్ని ప్రశ్నించే అలవాటు మా ఇంట్లో లేదు). రుద్దితే పేపరు మీద మచ్చే లేదు! రంగు కూడా కొంచెం మట్టిరంగు, నల్లజుట్టులో తేలదు. రెండు తుమ్ములు వచ్చాయి. ఒక్కటే అయితే ఆగిపోయేదాన్ని. రెండు మంచిదే కదా అని రెండు గుప్పిళ్ళు మాడుకు పట్టించి, పేన్ల దువ్వెనతో తెల్లచుక్క కనబడకుండా దువ్వాను.

పది గంటలకు సేఠానమ్మ పేపరు అద్దింది. లైటుకు పెట్టింది. తిప్పి చూసింది. "శభాష్. మధ్యాహ్నం దాక నిలబడు, చూస్త" అంది. శ్రీనగర్ కాలనీ నుంచి ఒకావిడ కూతురి నిశ్చితార్థానికి చీర కోసం వచ్చింది. చీరలు ఎగురుతాయని అక్కడ ఫ్యాను వేయరు. పదో చీర విప్పేసరికి చెమట పట్టింది. చెమటతో పాటు మాడు మీద చీమలు పాకినట్టయింది. ఇరవయ్యో చీరకు అవి చీమలు కావు, నిప్పులు. గోకుదామంటే ఎదురుగా సేఠానమ్మ కన్నార్పకుండా చూస్తోంది. "ఏంటమ్మా, ఇదే రంగులో అంచు ఇంకొంచెం పెద్దది చూపించవూ?" అంటుంది ఆవిడ. చూపించాను. "ఆ పైదీ?" స్టూలెక్కి దించాను. అప్పుడే నుదుటి మీంచి జారిన చెమటచుక్క పెదవికి తగిలింది. కారం! మిరపకాయలు పట్టిన తర్వాత గిర్నీ రాళ్ళు శుభ్రం కావాలని భాయ్ గుప్పెడు జొన్నలు వేసి తిప్పుతాడు. ఆ పిండి ఎవరూ తినరు. ఊరికే ఇచ్చేది అదే!

కళ్ళలోంచి ధార కట్టింది. "అయ్యో, ఏడుస్తున్నావేంటమ్మా? నేనేమన్నా అన్నానా?" అని ఆవిడ కంగారు పడింది. "లేదమ్మా... ఈ చీరల మీ బిడ్డను పెండ్లికూతురిగ ఊహించుకున్న" అన్నాను. (పుట్టి బుద్ధెరిగాక ఆడిన పెద్ద అబద్ధం అదే.) ఆవిడ కూడా కళ్ళొత్తుకుని, ఆ చీర పక్కన పెట్టించి, ఇంకో రెండు తీసుకుంది.

ఆవిడ మెట్లు దిగగానే సేఠానమ్మ మురిసిపోయి నా తల నిమిరింది. ఆ చేత్తోనే తన కన్ను తుడుచుకుంది. "హాయ్ అల్లా కాదు, హే భగవాన్!" అని అరిచి (కంగారులో ఆమెకు ఇద్దరూ గుర్తొచ్చారు) నా చెయ్యి పట్టుకుంది. "ఏం పెట్టినవే నెత్తికి?" పని పోయిందనుకుని ఉన్నదంతా చెప్పేశాను: ఆముదం, నల్లా, నాయన మాట, గిర్నీ పిండి. ఒక కన్ను మూసుకునే అంతా విన్నది. "రెండు గంటలు నెత్తి కాలుతుంటె నవ్వుకుంట నలభై చీరలు విప్పినవా?"

"మళ్ళీ మడతపెట్టిన సుత అమ్మా."

"రేపటి నుంచి నువ్వు ఇక్కడనే. మొదలు పొయ్యి తల కడుక్కో, దుకాణం నల్లా ఉన్నది!"

ఇదంతా చెప్పి, మనవరాలి డబ్బాను ఒక పాయ మీద, అదీ దూరం నుంచి, కొట్టించి, కాసేపాగి పేపరు అద్దాను. మచ్చ లేదు. మంట కూడా లేదని దానితో మూడుసార్లు చెప్పించుకున్నాను. "తెల్లది పోయేదాక దువ్వుకో. ఇంటర్వ్యూ అయినంక మాత్రం తల పోసుకోవాలె, ఇది స్నానం కాదు" అన్నాను. "సరే మేడమ్" అని నవ్వి, మర్నాడు మెట్రో ఎక్కి పంజాగుట్ట పోయింది.

అది వెళ్ళాక, వృథా అని తెలిసి కూడా, నా తలకు ఒకసారి కొట్టుకున్నాను. తెల్లది కనబడకూడదని ఆనాడు మాడు గీరుకుపోయేలా దువ్వినదాన్ని. ఇప్పుడు ఏ తెలుపు డబ్బాలోదో, ఏ తెలుపు నాదో అద్దంలో తెలియనే లేదు. పాత పేపరు అద్ది ట్యూబ్‌లైటుకు పెట్టి చూశాను. మచ్చే లేదు. కొంగు సర్దుకుని, మంచం మీద మనవరాలు విడిచిపోయిన చున్నీ తీసి భుజాన వేసుకుని, ఎదురుగా ఎవరూ లేకపోయినా అంచు చూపించాను.