బోయిగూడలో ద్రక్మా

బోయిగూడ ఆడవాళ్లను గురువారం గురువారం కూర్చోబెట్టి వాక్యం చెప్పడం మా నాయనమ్మ ఎలీసబెతు ఉద్యోగం. గుంటూరు మనిషి. ఆవిడ గొంతెత్తితే పక్క వీధి మేకలు కూడా ప్రార్థనకు లేచి నిలబడేవి.

పోలీసు చర్య ముగిసి రెండు నెలలైంది. బాలమ్మ వాకిట్లో ఎలీసబెతు యేసు చెప్పిన కథ ఎత్తుకుంది. ఒక ఇల్లాలికి పది వెండి నాణేలు, అందులో ఒకటి పోయింది.

"ఆగమ్మా," అంది బాలమ్మ. "పోయింది హాలీయా, కల్దారా?"

నిజాం రూపాయి హాలీ, ఇంగ్లీషువాళ్లది కల్దారు. సికింద్రాబాదులో రెండూ నడిచేవి. సర్కారు మారింది గనుక హాలీ ఇక చెల్లదని ఊరంతా పుకారు. ఆడవాళ్లు కథ వదిలేసి ఆ గొడవలో పడ్డారు. "ఏ నాణెమో వచ్చే వారం చెబుతాను," అని ఎలీసబెతు లేచింది.

వచ్చే వారమే మిషన్ దొరసాని పరీక్ష. ఆడవాళ్లు వినడం లేదని తేలితే మెదక్ వైపు పల్లెకు బదిలీ. ఆరేళ్లుగా అలవాటైన ఈ నోళ్లను వదిలి వెళ్లాలంటే ఎలీసబెతుకు ప్రాణం ఒప్పలేదు.

ఎలీసబెతు వెళ్లి అడిగితే మిషన్ బడి జకర్యా మాస్టారు బీరువాలోంచి నానా దేశాల సువార్తలు తీసి వెతికాడు.

"గ్రీకువాళ్ల నాణెమమ్మా, ద్రక్మా. ఫ్రెంచివాళ్లు ద్రక్మ్ అంటారు. స్పెయిన్, పోర్చుగల్‌లో ద్రక్మా. ఇటలీలో ద్రమ్మ అని కూడా రాశారు. రొమేనియాలో ద్రహ్మ. ఇవన్నీ లాటిను తల్లి బిడ్డలు."

"ఇన్ని ఇళ్లు తిరిగినా పేరు పారేసుకోలేదన్నమాట, గట్టి నాణెమే!" అంది ఎలీసబెతు. వారమంతా కారం దంచుతూ ఆ పేర్లే వల్లించింది.

గురువారం దొరసాని పెన్సిల్ పట్టుకుని స్టూలు మీద కూర్చుంది. ఎలీసబెతు పేర్లన్నీ గడగడా అప్పజెప్పింది.

"గిన్ని దేశాలోళ్లు పిలిస్తె పిలిచిన్రు," అంది బాలమ్మ. "గా వెండిది ఇప్పుడు చెల్తదా?"

"ఇప్పుడు చెల్లదు."

"చెల్లని దాని ముచ్చటకు గింత తక్లీఫ్ ఏందమ్మా!"

వాకిలంతా నవ్వు. దొరసాని ఏదో రాసుకుంది. ఎలీసబెతు బాలమ్మ వైపు తిరిగింది.

"సరే బాలమ్మా, నీ ఇంట్లోనే పోయిందనుకో. చెల్లే రూపాయే. ఎలా వెతుకుతావు? కథలో ఆవిడైతే దీపం పెట్టి ఊడ్చింది."

"ఊడ్సుడా? అలికిన నేల మీద చీపురేస్తె పైస పోయి గోడ సందుల వడ్తది. చేతుల్తోటి తడమాలె." బాలమ్మ మోకాళ్ల మీద వంగి తడిమి చూపించింది.

"ముందుగాల బియ్యం కుండ చూడు. నువ్వు దాచేది గండ్లనే గదా!" అంది ఎదురింటి అనసూయమ్మ.

"నీకెట్ల ఎర్కే?"

"వాడకట్టంత ఎర్కే!"

నవ్వులు సద్దుమణిగేదాకా ఆగి ఎలీసబెతు అడిగింది. "దొరికాక?"

"దొరికితె ఊకుంటనా? అందర్ని పిలిచి చూపిస్త. గీ అనసూయకైతె రెండుసార్లు చూపిస్త!"

"ఆవిడా అదే చేసింది బాలమ్మా. ఇరుగుపొరుగును పిలిచి సంతోషపడింది."

"అగో, మనసొంటిదే!" అంది బాలమ్మ. తర్వాత గంటసేపు ఎవరూ కదల్లేదు.

దొరసానికి ఆ మాటల్లో సగం అర్థం కాలేదు గానీ, ముఖాలు అర్థమయ్యాయి. వెళ్తూ తన పుస్తకాల తెలుగులో, "ఎలీసబెతూ, మెదక్ నిమిత్తము వేరొకరిని చూచెదను," అంది.

"చిత్తం, దొరసానమ్మా," అని ఎలీసబెతు వినయంగా తల వంచింది. దొరసాని రిక్షా మలుపు తిరిగాక తను బాలమ్మ చెయ్యి పట్టుకుని ఎంత గట్టిగా నవ్విందంటే, ఆ వీధి మేకలన్నీ లేచి నిలబడ్డాయి.