హులిగమ్మ కషాయం

ఆదోని పత్తి తెల్లగా మెరుస్తుందని మురిసిపోయేవాళ్ళు ఒక్కసారి మిల్లు లోపలికెళ్ళి గాలి పీల్చి రావాలి. అప్పుడు తెలుస్తుంది ఆ తెలుపు సంగతి! గింజ తీసే మిషన్ల దగ్గర దూదిపొడి ముక్కులోకీ నోట్లోకీ పోతుంది. ఏడాది తిరక్కుండానే మనిషికి దగ్గు పట్టుకుంటుంది.

అలాంటి మిల్లు గేటు ముందే హులిగమ్మ కషాయం అమ్మేది. కొండ మీద కోసుకొచ్చిన అడ్డసరం ఆకు, మిరియాలు, శొంఠి, చిటికెడు బెల్లం. అంత చేదునూ ఆడవాళ్ళు కళ్ళు మూసుకుని మింగేవాళ్ళు. ఎందుకంటే పొద్దున్నే శేషప్ప మేస్త్రీ గేటు దగ్గర చెవులు రిక్కించి నిలబడేవాడు. దగ్గినమ్మ ఇంటికి, దగ్గనమ్మ లోపలికి. కళ్ళె పడితే పత్తి పాడవుతుందట! పత్తికున్న విలువ మనిషికెక్కడిది? గేటు దాటేదాకా దగ్గును అణిచిపెట్టడానికే ఆ కషాయం.

హులిగమ్మ కూతురు బసమ్మదీ అక్కడే పని. మొగుడు పోయాడు, చంకలో పాలు తాగే బిడ్డ. పంతొమ్మిది వందల యాభై నాలుగు చలికాలంలో ఒక పొద్దున ఆమెకు దగ్గులో నెత్తురు పడింది.

"ఇయ్యాల పోవద్దు మే. ఇంట్లోనే పండుకో" అంది హులిగమ్మ.

"పండుకుంటే ఎవురు పెడ్తారమ్మా? ఇయ్యాల పోకుంటే రేపు నా జాగాలో ఇంగొకతె ఉంటాది. చిక్కంగా కాచి పొయ్యి. గేటు దాటేదాంక దగ్గు రాకుంటే సాలు."

హులిగమ్మ తిట్టింది, ఏడ్చింది. చివరికి రెట్టింపు ఆకు వేసి కాచింది. బసమ్మ తాగి, కొంగుతో మూతి తుడుచుకుని, మేస్త్రీ ముందు నిటారుగా నడిచి లోపలికి పోయింది.

మధ్యాహ్నం దూదికుప్ప మీద బోర్లా పడింది. బయటికి మోసుకొచ్చేసరికే ప్రాణం లేదు.

శేషప్ప తలగుడ్డ తీసి నిలబడ్డాడు. పాపం, నిజంగానే బాధపడ్డాడు. "పొద్దున బాగనే ఉండె కదమ్మా! ఒక్కసారి దగ్గింటే నేనే ఇంటికి తోలుతుంటి."

"నేనే దగ్గనియ్యలేదప్పా!" హులిగమ్మ గుండెలు బాదుకుంది. "నా సేతులారా నేనే పోస్తిని!"

దినాలయ్యాక కూడా ఆమె పొయ్యి ముట్టించలేదు. ఆడవాళ్ళు చెంబులు పట్టుకుని గుడిసె ముందుకొచ్చారు.

"ఈ పొద్దు దగ్గినామని మమ్మల్నందర్నీ ఎనక్కి తోలినాడక్కా. మా నోట్లో మన్ను కొట్టొద్దు" అంది గంగమ్మ.

"తాగితే సస్తారు మే! నా బిడ్డను సూడలేదా?"

"తాగకుంటే మా బిడ్డలు సస్తారక్కా."

లోపల బసమ్మ బిడ్డ ఆకలికి గుక్కపట్టింది. ఆ బిడ్డకు పాలు కొనాలన్నా కషాయం అమ్మాల్సిందే. థూ, ఏం బతుకులివి! హులిగమ్మ ముక్కు చీదుకుని లేచింది. బిడ్డను చంకనేసుకుని, ఆకు కోసుకురావడానికి కొండవైపు నడిచింది.