ముందు మేడమ్ రక్తం

మోచేతి మడతలో స్పిరిట్ దూది చల్లగా తగిలితే చాలు, నాకు సత్యవతి మేడమ్ గుర్తొస్తారు. ఈ ఉదయం కూడా అంతే.

తొంభైల చివర్లో మద్దిలపాలెంలోని ఒక చిన్న ల్యాబ్‌లో ఆవిడ దగ్గర టెక్నీషియన్‌గా చేరాను. మేడమ్ పద్మనాభం అనే ఊళ్లో రైతుల ఇంట పుట్టి డాక్టరైన మనిషి, ఎంత చదివినా యాస మాత్రం వదల్లేదు. రోగాలతో పోరాడే కణాల పైన రిసెప్టర్లనే చిన్న కొక్కేలుంటాయి. వాటిని వెతికి అతుక్కునే యాంటీబాడీలకు మెరిసే రంగు తగిలించి సీసాల్లో అమ్ముతారు. ఆ మందును రక్తంలో కలిపి, చీకటి గదిలో మైక్రోస్కోపు కింద చూడాలి. మొదటిసారి చూసి నోరు వెళ్లబెట్టాను. కటిక చీకట్లో ఒక్కో కణం చుట్టూ ఆకుపచ్చ వెలుగు గాజు!

"ఎవరివి మేడమ్?"

"నావేనే," అని నవ్వారు. రోగి రక్తంతో పాటు తన రక్తమూ పెట్టి, ముందు తనదే చూడటం ఆవిడ పద్ధతి. "ముందు నాను, తర్వాతే ఎవులైనా."

ఒకసారి చేపలమ్ముకునే నూకాలమ్మ ఏడాది కొడుకును తెచ్చింది. వాడికి మాటిమాటికీ నిమ్ము. ఆ రిసెప్టర్లు లేకుండా పుట్టాడేమోనని వాణ్ని మా దగ్గరికి పంపిన పిల్లల డాక్టరుగారి అనుమానం. అదే నిజమైతే పిల్లాడు దక్కడం కష్టం. ఆయన ఆగలేక తానే వచ్చి పిల్లాడి స్లైడు చూశారు. ఒక్క వెలుగూ లేదు. "తల్లికి చెప్పేద్దాం," అంటూ లేచారు. తలుపు అవతల నూకాలమ్మ జోలపాట వినిపిస్తూనే ఉంది.

మేడమ్ తలుపుకు అడ్డంగా నిలబడ్డారు. "నాది సూసేరా?"

చూస్తే అదీ చీకటే. ఆవిడ ముఖం వెలిగిపోయింది. "నాను నిక్షేపంగా ఉన్నాను కదా డాక్టరుగారూ! సచ్చింది మన మందు."

కరెంటు కోతలకు ఫ్రిజ్ వేడెక్కి మందు పాడైందట. కొత్త సీసా రాగానే మళ్లీ చూశాం. ముందు మేడమ్ కణాలు వెలిగాయి. తర్వాత పిల్లాడివీ! మేడమ్ నూకాలమ్మను లోపలికి పిలిచి మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టారు. ఆవిడ చాలాసేపు కన్ను తీయలేదు.

"ఇయన్నీ మా పిల్లడియేనా అమ్మా? ఇంత ఎలుగు నోపలెట్టుకుని ఈడికి రోగమేటి?"

"అదే ఎతుకుతాం. కాపలా అయితే ఉంది, బయపడకు," అన్నారు మేడమ్. ఆ తర్వాత అసలు కారణం దొరికింది, పిల్లాడు తేరుకున్నాడు.

మేడమ్ పోయి చాలా ఏళ్లైంది. ఇప్పుడు మా రుషికొండ ల్యాబ్‌లో ఆ వెలుగుల్ని యంత్రమే చూసి చెబుతుంది. అయినా ముందు నా చేతినే చాపుతాను. నాది వెలిగాకే ఇంకొకరి చీకటి గురించి నోరు విప్పుతాను.