కోడి ఎక్కే కర్ర

పదిహేనేళ్ళుగా హిందీ రాష్ట్రంలోని ఆ స్టీలు టౌన్‌షిప్పు సెక్టారులో ఏ కోడి కాళ్ళకు గజ్జి పట్టినా నూకమ్మ గుమ్మంలోకి రావలసిందే. పొలుసులు లేచి కాళ్ళు లావెక్కిన పెట్టను ఒళ్ళో పెట్టుకుని, గోరువెచ్చటి సబ్బునీళ్ళలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో రుద్ది వేపనూనె పట్టించేది. మొగుడు గురునాథరావు స్టీలు ప్లాంటులో ఫోర్‌మన్ కాలేకపోయాడు గాని, నూకమ్మ మాత్రం వీధి మొత్తానికి కోళ్ళ డాక్టరమ్మ అయింది.

తొంభై నాలుగులో నందిని అనే ఊరి గనుల కాలనీ నుంచి పక్క క్వార్టర్లోకి మధులత దిగింది. చక్కటి హిందీ, నవ్వుమొహం. వైద్యమంతా గోడ మీంచి చూసి నేర్చేసుకుంది. నెల తిరక్కుండా ఆడవాళ్ళు "దీదీ, దీదీ" అంటూ కోళ్ళను చంకన పెట్టుకుని అటే పోసాగారు. నూకమ్మ లోలోపల కుళ్ళుకుంది. వైద్యం నాది, పేరు దానిదా!

గోడ మీంచి కనబడనిది ఒకటుంది. కంటికి ఆనని ఆ గజ్జి పురుగు, కోళ్ళు రాత్రి ఎక్కి పడుకునే కర్ర పగుళ్ళలోనూ దాక్కుంటుంది. అందుకే మందు రాసిన రోజే నూకమ్మ కోడిని తెచ్చినవాళ్ళ దొడ్డికి వెళ్ళి కర్ర మీద మరిగే నీళ్ళు పోసి వచ్చేది. ఆవిడకు శుభ్రం పిచ్చి అనుకునేవారు అందరూ.

మధులత నయం చేసిన కోళ్ళకు గజ్జి తిరగబెట్టింది.

"అరే పిన్నీ, ఠీక్ అయిపోయిన కాళ్ళకి మళ్ళీ ఎలా వచ్చీస్తంది?"

"నాకేటి తెల్సు? దీదీవి నువ్వే కదా."

ఆ పూట నూకమ్మకు అన్నం మహా రుచిగా ఉంది.

చలికాలానికి మధులత గోధుమరంగు పెట్టకు గజ్జి ముదిరి రెండు వేళ్ళు ఊడిపోయాయి. అది కుంటుతూ వెళ్తుంటే నూకమ్మ మొహం తిప్పుకునేది. ఇంతలో తన పుంజు రోజూ గోడ దూకి మధులత ఇంటి కర్ర మీదే పడుకుంటోందని తెలిసింది. నువ్వు కూడానా! అని దాన్ని పట్టుకుని చూస్తే కాళ్ళ మీద పొలుసులు లేచి ఉన్నాయి.

తెల్లారగానే నూకమ్మ మరిగే నీళ్ళ గిన్నెతో మధులత దొడ్లోకి వెళ్ళింది.

"కర్ర కడగాలే. పురుగు పగుళ్ళల్లో ఉంటాది. కాళ్ళకి ఎంత రాసినా ఇక్కడ్నించి మళ్ళీ ఎక్కీస్తాది."

"నీకెప్పుడు తెల్సింది పిన్నీ?"

నూకమ్మ గిన్నె వంచి కర్ర మీద నీళ్ళు పోసింది.

"రాత్రే తట్టింది."

మధులత నమ్మేసింది. ఇంటింటికీ వెళ్ళి, తనకు తట్టనిది పిన్నికి తట్టిందని గొప్పగా చెప్పింది. సాయంత్రానికి ఆడవాళ్ళందరూ కోళ్ళతో నూకమ్మ గుమ్మంలో ఉన్నారు. ఇన్నాళ్ళూ ఆమె ఏడ్చింది దీనికోసమే. అయినా వాళ్ళు పొగిడిన ఒక్క మాటకూ ఆమె మొహం విప్పారలేదు.

జనం మధ్యలోంచి గోధుమరంగు పెట్ట కుంటుకుంటూ వచ్చింది. నూకమ్మ దాన్ని ఒళ్ళోకి తీసుకుంది. బ్రష్షు నీళ్ళలో ముంచి, వేళ్ళు లేని చోటు దగ్గర ఆగిపోయింది.